జల్లాఖ్ ఇంట్లో ఉప్పునీరు కారుస్తున్న జింక

మనామాలో మన దేశపు దౌత్య కార్యాలయంలో పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే అధికారి శ్రీనివాసరాజు గారి సముఖమునకు,
జల్లాఖ్‌లో ఇంటిపని చేసుకొను యాళ్ల పాపాయమ్మ వ్రాసుకొన్న అర్జీ.

తేది: 2 సెప్టెంబరు 2025, మంగళవారం.

అయ్యా,

విషయం: జగ్గారావు అను సోఫాలు కుట్టువాడు చచ్చిన జింకను పాడుచేసి, ఆ నేరమును నా తడిగుడ్డ మీదకు తోసినందున, సదరు జింకను తమ సమక్షంలో కోయించి నిజం తేల్చవలెనని, వాడికి తగిన శాస్తి జరిపించవలెనని.

తమరు క్షేమమా? పోయిన వేసవిలో పాస్‌పోర్టు పని మీద వచ్చినప్పుడు తమ కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర చాలడం లేదేమోనని అప్పటినుంచి నాకు దిగులు. తమ తల్లిగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? లిఫ్టు లేని మేడలో ఉంటున్నారని తమరే చెప్పారు. మెట్లు దిగేటప్పుడు గోడవైపే దిగమనండి. తమ ఇంటావిడగారికి ఆ ఒంటివైపు తలనొప్పి తగ్గిందా? పాపకు ముందుపళ్ళు రెండూ వచ్చాయా? రాకపోతే కంగారు పడవద్దు, మా చెల్లెలికి ఎనిమిది నిండాక వచ్చాయి. తమ గేటు దగ్గర పేర్లు రాసుకునే మణికుమార్‌కు పొడిదగ్గు పోయిందా? అటువంటి దగ్గును తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. మా వంటమనిషి వీరమ్మకు నడుం నొప్పి. మామాకు, అంటే మా ఇంటి పెద్దావిడకు, ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం, చూపు ఇంకాస్త తగ్గింది. జగ్గారావు ఒక్కడే రాయిలా ఉన్నాడు. అదే నా బాధ.

ఇక విన్నవించుకొనుట ఏమనగా. అంకెలు వేసి రాస్తే ఆఫీసుల్లో చివరిదాకా చదువుతారని వీరమ్మ చెప్పింది. నేను చదివింది అయిదో తరగతి. మా నాన్న కరణంగారి కచేరీలో కాగితాలు మోసేవాడు. సదరు, ఇందుమూలముగా వంటి మాటలు ఆయన నోట విన్నవే. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇది తమ ఆఫీసు పనేనా కాదా అని వారం రోజులు ఆలోచించాను. జింకలకు ఆఫీసు ఎక్కడుందో నాకు తెలియదు. నేను మనిషిని గనుక మనుషుల ఆఫీసుకే రాస్తున్నాను.

1. నాది రాజోలు దగ్గర లంక గ్రామం. వయసు అరవై మూడు. ఈ ఇంట్లో చేరి పంతొమ్మిదేళ్ళు. ఇంటికి కుడిపక్కన మజ్లిస్ ఉంది, శుక్రవారం మగవాళ్ళు చేరి కాఫీ తాగే పెద్ద గది. ఇంటి పెద్దాయనకు వేట అంటే ప్రాణం. విమానాలెక్కి దూరదేశాలు వెళ్ళి, అక్కడ కొట్టిన జంతువులను కూరించి తెచ్చి ఆ గదిలో పెట్టించారు. మొత్తం ఏడు. గోడమీద కొమ్ముల తలలు నాలుగు, నేలమీద నక్క ఒకటి, తోడేలు ఒకటి, రెక్కలు చాచిన డేగ ఒకటి. ఆ గది తాళంచెవి పంతొమ్మిదేళ్ళూ నా నడుముకే ఉండేది. రోజూ పొద్దున్న పొడి కుంచెతో వెంట్రుకల వాలునే, తల నుంచి తోక వైపు దులుపుతాను. తడి తగలనివ్వను. వాటిని కూరిన పరదేశపు ముసలాయన మొదటిరోజే నా చేతిలో కుంచె పెట్టాడు. తన బొటనవేలు నాలుకతో తడిచేసి, నక్క ఒంటి దాకా తీసుకెళ్ళి ఆపి, నా చేతిమీద చిన్న దెబ్బ వేశాడు. నాకు అతని భాష రాదు, అతనికి నా భాష రాదు. అయినా ఆ దెబ్బ నాకు ఇప్పటికీ అర్థమవుతూనే ఉంది. ఏడింటిలో ఒక్కదానికీ ఒక్క కన్ను ఊడలేదు, ఒక్క పోగు రాలలేదు. ఇది ముందు రాసుకోవాలి. మిగతా అర్జీ అంతా దీనిమీదే నిలబడింది.

2. పెద్దాయన కాలం చేసి ఏడాదిన్నర అయింది. ఆయన ఆఖరి వేటలో కొట్టిన పొడవు కొమ్ముల జింక తోలు, ఉప్పు పట్టించి మడతపెట్టి, కొమ్ములతో సహా పెట్టెలో ఉండిపోయింది. కొడుకు యూసుఫ్ బాబు దాన్ని నిలబెట్టించాలనుకున్నాడు. పరదేశపు ముసలాయన కూడా ఈలోగా పోయాడు. బయటి దేశం పంపితే ఏడాది పైన పడుతుందన్నారు. ‘ఏడాదికి నా కళ్ళు ఉంటాయా?’ అంది మామా. అప్పుడు నేను నోరు తెరిచాను. ‘మీనా సల్మాన్‌లో మావాడు జగ్గారావు ఉన్నాడు, చేస్తాడు’ అన్నాను. నా తప్పు నేనే రాస్తున్నాను. తరువాత వాడు చెప్పి, నేను దాచానని అనిపించుకోలేను.

3. ఎందుకు అన్నానంటే. తమరు మన కోస్తావారే కనుక తెలిసే ఉంటుంది. పాలిచ్చే గేదెకు దూడ చచ్చిపోతే అది పాలు చేపదు. అప్పుడు చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పూ బూడిదా రాసి, వరిగడ్డి కూరి కుట్టి, నాలుగు కర్రల మీద నిలబెట్టి గేదె ముందు పెడతారు. గేదె వాసన చూసి, నాకి, తన దూడే అనుకుని చేపుతుంది. మా లంకల్లో ఆ పనిలో జగ్గారావు తండ్రిని మించినవాడు లేడు. మా గేదెకు ఆయనే చేశాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. గేదె దాని నుదురు నాకుతుంటే నేనూ వెళ్ళి మెడ నిమిరి ‘లెగు, పాలు తాగు’ అన్నాను. అంత బాగా చేశాడు. ఆ పనికి గేదెకంటే పెద్ద పరీక్షాధికారి ఎవరుంటారు? ఆ తండ్రి కొడుకు కదా అని నమ్మాను. నేను మరిచిపోయింది ఒక్కటే. ఆ దూడ గేదె వట్టిపోయేదాకా ఉంటే చాలు. ఆ తర్వాత దాన్ని పెంటకుప్ప మీద పారేస్తారు. ఈ జింక యూసుఫ్ బాబు మనవళ్ళు చూసేదాకా ఉండాలి.

4. సదరు జగ్గారావు మీనా సల్మాన్‌లో సోఫాలు, మజ్లిస్ దిండ్లు కుట్టే కొట్టులో పనివాడు. మే నెలలో యూసుఫ్ బాబు, నేను తోలు పెట్టె తీసుకుని వెళ్ళాం. కొట్టునిండా స్పాంజి ముక్కలు. బాబు బయట ఫోను మాట్లాడుతుండగా వాడు నాకు తన ఫోనులో సింహం, చారల గుర్రం, ఎలుగుబంటి చూపించి ‘ఇయ్యన్నీ నేనే’ అన్నాడు. ఆ బొమ్మల కింద ఎవరిదో వేరే పేరు ఇంగ్లీషులో ఉందని తర్వాత తెలిసింది. నాకు ఇంగ్లీషు రాదని వాడికి తెలుసు. బాబుకు మాత్రం చూపించలేదు, అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

‘జగ్గా, ఇది దిండు కాదురా’ అన్నాను.

‘కూరుడు ఏదైనా కూరుడే పిన్నీ. మా బాబు పేరు నీకు తెల్దా?’

‘ఆ ముసలాయన ముందు గట్టి నురగలాంటి దాంట్లో జంతువు ఒళ్ళంతా చెక్కేవోడు. కండా, ఎముకా, గొంతు నరం కూడా. దానిమీద తోలు తొడిగేవోడు. నీకు వచ్చా?’

‘ఆయ్, అంతకంటే బాగా వచ్చు. నువ్వు బాబుగారికి నా గురించి గట్టిగా ఒక మాట సెప్పు, చాలు.’

చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఇందుమూలముగా ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను.

5. పరదేశపు ముసలాయన ఒక్క నక్కకే నాలుగు నెలలు తీసుకున్నాడు. వీడు ఇరవైరెండు రోజుల్లో తెచ్చాడు. సదరు జింక స్థితి ఈ దిగువ తెలుపుకొనుచున్నాను.

కళ్ళు. ఒకటి వాకిలి వైపు చూస్తుంది, ఒకటి ఏసీ వైపు. జింక కంటిపాప అడ్డంగా ఉంటుంది, మేకకున్నట్టు. దీనికి గుండ్రటివి పెట్టాడు. బొమ్మల కొట్టులో కొన్నవి.

చెవులు. లోపల బూట్ల పెట్టె అట్ట పెట్టాడు. పది రోజులకు అప్పడాల్లా ముడుచుకున్నాయి.

మూతి. పైపెదవి లాగి కుట్టాడు. జింక నవ్వుతున్నట్టుంది. ప్రాణం పోయినదాన్ని నవ్వించకూడదు. ముక్కుకు బూటు పాలిష్ రాశాడు. దాని ముందునుంచి పోతే బడికి తయారైన పిల్లల వాసన వస్తుంది.

కాళ్ళు. లోపల మేడలు కట్టే ఇనప ఊచలు. ముందుకాలు ఒకటి పొట్టి. కింద చెక్కముక్క పెట్టి, ఆ చెక్కకు గోధుమరంగు వేశాడు.

కుట్టు. పొట్ట కింద దాగవలసిన కుట్టు పక్కన కనిపిస్తుంది. సోఫా దారం, సోఫా కుట్టు.

పొట్ట. తెచ్చిన రోజు నిండుగా ఉంది. రెండు వారాలకు కిందికి జారి, వీపు పల్లమైంది. కూరినది కుంగితేనే అలా అవుతుంది. చెక్కిన ఒళ్ళు కుంగదు.

తెచ్చిన రోజే అడిగాను.

‘ఏరా, దీని కళ్ళు రెండు దిక్కులు సూత్తున్నాయేటి?’

‘మంచిదే కదా పిన్నీ. ఒక జీతానికి ఇద్దరు కాపలావోళ్ళు.’

‘నవ్వుతుందేటి?’

‘బహ్రెయిన్ వచ్చింది కదా, సంబరం.’

వాడు అదే మాట హిందీలో చెబితే మోసిన కూలీలు నవ్వారు. యూసుఫ్ బాబు కూడా కొంచెం నవ్వాడు. ఆయనకు ఏదో పని తొందర. ‘ఖలాస్, లోపల పెట్టండి’ అన్నాడు. మామాను నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ వేళ్ళతో చూస్తుంది ఇప్పుడు. కొమ్ములు తడిమింది, ముఖం వెలిగింది. ఆ కొమ్ములను పెద్దాయన పట్టుకున్నారు కదా. తర్వాత మెడ నిమిరి, వేళ్ళు లోపలికి దిగిపోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘ఇది దిండు’ అంది. మళ్ళీ ఆ గదికి రాలేదు.

అయ్యా, ఈ ఒక్క మాటకే వాణ్ణి శిక్షించవచ్చు. అయినా మిగతావి కూడా చదవండి.

6. జూన్, జూలై ఎలాగో గడిచాయి. ఆగస్టు వచ్చింది. ఇక్కడ ఆగస్టులో కిటికీ అద్దాలకే చెమట పడుతుంది. ఉప్పుజాడీ మూత తీసిపెడితే రెండో రోజుకు ఏమవుతుందో వంటింట్లో నిలబడిన ఏ ఆడదానికైనా తెలుసు. తోలుకు పట్టించిన ఉప్పును కడిగి, మందు వేసి నానబెట్టి పదును చెయ్యాలి. వాడు కడగలేదు. పైగా తండ్రి చేసినట్టే ఇంకొంత ఉప్పు పూశాడు. ఆ ఉప్పు గాలిలో తడిని లాక్కుని, జింక గడ్డం కింద చుక్క కట్టింది. మొదట ఒకటి. మర్నాడు మూడు. నేను పొడిగుడ్డ నేలమీద వేశాను, జింకకు ఆనించలేదు, ఆ గుడ్డ పిండితే ఉప్పునీళ్ళు. మా ఊళ్ళో ఎండుచేపలు వానలో తడిస్తే వచ్చే వాసన.

యూసుఫ్ బాబుకు చెప్పాను. ‘శుక్రవారం దాకా ఆగు’ అన్నాడు. ఆ శుక్రవారం, ఆగస్టు 8న, మజ్లిస్ నిండుగా ఉంది. పెద్దాయన స్నేహితుడొకాయన, జింక పక్కనే కూర్చున్నాయన, మాటల్లో దాని మెడమీద చెయ్యి వేశాడు. ఆయన చేతికి గుప్పెడు వెంట్రుకలు వచ్చాయి. ఆయన తెల్లని బట్టమీద పచ్చటి చార పడింది. గదంతా ఒక్కసారి నవ్వింది. పెద్దాయన గదిలో, పెద్దాయన ఆఖరి వేటను చూసి. యూసుఫ్ బాబు చెవులు ఎర్రగా అయ్యాయి. నేను గుడ్డ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను.

7. మర్నాడు జగ్గారావును పిలిపించారు. వాడు జింకవైపు చూడలేదు. తిన్నగా యూసుఫ్ బాబు దగ్గరికి వెళ్ళి, నాకు హిందీ రాదనుకుని హిందీలో మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్ళుగా బంగ్లా డ్రైవర్లతో, పాకిస్తాన్ ప్లంబర్లతో మాట్లాడుతున్నదానికి ఆ హిందీ రాదా?

‘బాబూజీ, నా పనిలో ఏ లోపమూ లేదు. ఈ ముసలామె రోజూ తడిగుడ్డ పెడుతోంది. మా దేశంలో ముసలాళ్ళకు ఇది అలవాటు. ఏది కొత్తగా ఇంటికొచ్చినా పసుపునీళ్ళతో కడుగుతారు. ఆ పచ్చమరక పసుపే. నమ్మకపోతే ఈమె గది గడప చూడండి.’

యూసుఫ్ బాబు నా గది గడప చూశాడు. పచ్చగా ఉంది. నేను రాసిందే. ప్రతి శుక్రవారం రాస్తాను, ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ వద్దనలేదు. గడపకు రాసింది జింకకు రాయకుండా ఉంటుందా అనుకున్నాడు ఆ బాబు. నేనైనా అలాగే అనుకుందును. మన ఇంటి అలవాటు తెలిసినవాడే ఈ అబద్ధం చెప్పగలడు. పరాయివాడికి ఇంత మంచి అబద్ధం దొరకదు. అందుకే నాకు వాడిమీద ఇంత కోపం.

అది పసుపు కాదు అయ్యా. ఇనప ఊచల తుప్పు, కడగని తోలు రసం. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది. ఆ పూట ఆయన విడిచి ఇచ్చిన ఆ బట్ట ఉతికింది నేనే. ఎర్రబడలేదు.

‘జగ్గా, నా కళ్ళలోకి సూసి సెప్పరా ఆ మాట’ అన్నాను తెలుగులో.

‘పిన్నీ, నీకేం పోయింది? ఇయ్యాళో రేపో ఇంటికెళ్ళేదానివి. నాకింకా పదేళ్ళ డ్యూటీ ఉంది. పేరు సెడితే నా వీసా పెట్టిన కఫీల్ ఉంచడు. నువ్వే కూసింత సర్దుకో’ అన్నాడు, నవ్వుతూ. జింకకు కుట్టిన నవ్వు ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది.

8. దాని ఫలితములు. ఒకటి, మజ్లిస్ తాళంచెవి యూసుఫ్ బాబు అడిగి తీసుకున్నాడు. కేకలు వెయ్యలేదు. చెయ్యి చాపాడు, నేను ఇచ్చాను. నడుము తేలికగా ఉంటే నాకు నడవడం రావడం లేదు. రెండు, మామా తల దువ్వడానికి ఇప్పుడు వేరే అమ్మాయి వస్తుంది. ‘పాపాయమ్మా, నువ్వు నీళ్ళు పోశావా?’ అని ఆవిడ ఒక్కసారి అడిగింది. ‘లేదు మామా’ అన్నాను. ఆవిడ నమ్మితే చాలు, కాని ఏమీ అనలేదు. కళ్ళు లేనివాళ్ళ ముఖంలో నమ్మారో లేదో తెలియదు. అది నన్ను తినేస్తోంది. మూడు, ఈ నెలాఖరుకు నాకు టికెట్టు తీశారు. నేను పోవలసిన రోజు పోతాను, దానికి ఏడవను. జింకకు నీళ్ళు పోసిన ముసలిదాన్నని పేరు పెట్టుకుని మాత్రం పోను.

9. ఇది అన్నిటికంటే తొందర విషయము. జింక ఒంట్లో పురుగు పడింది. తోలు తినే గోధుమరంగు పురుగు, బొచ్చుతో ఉంటుంది. మజ్లిస్ కిటికీ బయటినుంచి రోజూ రెండుపూటలా చూస్తున్నాను. నిన్న నక్క తోక కింద సన్నటి పొడి రాలి ఉంది. నక్క తర్వాత తోడేలు. తోడేలు తర్వాత డేగ రెక్కలు. నేను గాజుకు ముక్కు ఆనించి చూస్తూ ఉండాలి. కుంచె నా గదిలో ఉంది, తాళం వాళ్ళ దగ్గర ఉంది. పంతొమ్మిదేళ్ళు నేను కాపాడినవి ఈ సోఫావాడి పురుగుకు పోతాయా? దీని గురించి ఆలోచిస్తే నాకు అన్నం దిగడం లేదు. ఏసీ గాలి పురుగును ఎగరేస్తుందా, కిటికీ సందులోంచి వీరమ్మ పిండి డబ్బాలోకి వస్తుందా, తమకు తెలిస్తే రాయండి.

10. కావున నేను కోరునది. ఈ కింది వాటిలో ఒక్కటి కూడా తగ్గించవద్దు. నేను పెద్దదాన్ని, మెత్తబడతానని అందరూ అనుకుంటున్నారు. మెత్తబడను.

మొదటిది, సదరు జింకను తమ సమక్షంలో, మజ్లిస్‌లో, శుక్రవారం కూర్చునే పెద్దమనుషులందరూ చూస్తుండగా కోయించవలెను. ఆ నవ్వినవాళ్ళే ఉండాలి. ఒక్కరు తక్కువైనా నాకు వద్దు.

రెండవది, లోపల కూరింది ఏమిటో జగ్గారావే తన చేతులతో బయటికి లాగవలెను. గుప్పెళ్ళతో కాదు. పోచ పోచగా. లాగిన ప్రతిదాన్నీ పేరు పెట్టి చెప్పాలి, హిందీలో.

మూడవది, ‘పాపాయమ్మ తడి తగలనివ్వలేదు, నేను ఉప్పు కడగలేదు’ అని అరబ్బీలో, తెలుగులో రాసి సంతకం పెట్టవలెను. అరబ్బీది మామాకు చదివి వినిపించాలి. తెలుగుది నాకు ఇవ్వాలి. నేను అద్దం కట్టించుకుంటాను.

నాలుగవది, ఆ జింక తోలును వాడి కొట్టు ముందు, వచ్చేపోయేవాళ్ళు చూసేటట్టు, ఆ రెండు కళ్ళతో, ఆ నవ్వుతో, వాడి పేరు రాసి ఏడాది నిలబెట్టవలెను. ఎండకీ, తేమకీ అది కారుతుంది. కారిన నీళ్ళు వాడే రోజూ తుడవాలి. పొడిగుడ్డతో.

అయిదవది, కొమ్ములు మాత్రం మామాకు తిరిగి ఇప్పించవలెను. వాటిలో జగ్గారావు పని ఏమీ లేదు.

ఆరవది, వాడు ఇకమీదట చచ్చిన బల్లిని కూడా ముట్టుకోకూడదని ఆర్డరు వెయ్యవలెను. అలాంటి ఆర్డరు వేసే అధికారం తమకు లేకపోతే, ఉన్నట్టు గట్టిగా చెప్పవలెను. వాడికి అధికారాల సంగతి తెలియదు, భయపడతాడు.

నేను ఎవరికీ చెడు కోరే మనిషిని కానని మా లంకలో అడగండి. రోడ్డు దాటే పిల్లి కోసం ఆగుతాను. కాని వాడు తలుపు తెరిచి లోపల ఎవరెవరున్నారో చూసిన ఆ క్షణం, ఆ నవ్వు వాడి మూతిమీద నుంచి జారడం నేను చూడాలి. అంతవరకు నా బీపీ దిగదని డాక్టరు చెప్పకపోయినా నాకు తెలుసు.

పై సంగతులన్నీ తమరు నెమ్మదిగా, భోజనం అయ్యాక, మనసు పెట్టి చిత్తగించవలెనని ఈ ముసలిదాని వేడికోలు.

ఇట్లు,
తమ విధేయురాలు, కాని ఈ ఒక్క సంగతిలో ఎవరి మాటా వినని మనిషి,
యాళ్ల పాపాయమ్మ
(సంతకం నేనే పెట్టాను. వేలిముద్ర కూడా వేశాను, ఏది చెల్లుతుందో తెలియక.)

మరచిన సంగతి. అయ్యా, మరచింది కాదు, రాయడానికి భయపడింది. లోపల గడ్డి ఉందని నాకు ఊహ కాదు. చూశాను. అందరూ నవ్విన ఆ శుక్రవారం సాయంత్రం, తాళం ఇంకా నా దగ్గరే ఉండగా, కత్తెరతో పొట్ట పక్క మూడు కుట్లు విప్పాను. గుర్రాలకు వేసే ఎండుగడ్డి, సోఫా స్పాంజి ముక్కలు, మధ్యలో ఒక దిండు గలీబు కూడా. మళ్ళీ కుట్టేశాను. నల్లదారం లేక నా నీలందారంతో కుట్టాను. ఆ మర్నాడు వాడు నామీద నేరం వేశాక నాకు ఆ నీలందారం గుర్తుకొచ్చింది. అక్కడ కోస్తే నా దారం బయటపడుతుంది. ముసలిదే గడ్డి పెట్టిందని వాడు తిప్పేస్తాడు. మూడు వారాలు నోరు మెదపలేదు. ఆ భయంతో మాత్రలు కూడా రెండేసి వేసుకున్నాను.

నిన్న పొద్దున్న ఇక ఆగలేక యూసుఫ్ బాబు కారెక్కుతుంటే ఎదురు నిలబడి అంతా చెప్పేశాను. నీలందారం కూడా చెప్పాను.

‘నువ్వే కూరలేదని నాకు ఎలా తెలుస్తుంది?’ అన్నాడు.

‘పొట్ట దగ్గర వద్దు బాబూ. మెడ దగ్గర కోయించు. తలకీ మెడకీ మధ్య లప్పం పెట్టి, పైన వెంట్రుకలు అంటించాడు. అక్కడికి నా సూది పోదు. అక్కడ గడ్డి ఉంటే వాడిది. లేకపోతే ఆ పూటే నన్ను విమానం ఎక్కించు’ అన్నాను.

ఆయన కారు తలుపు మూసి, మళ్ళీ తెరిచి, ‘ఈ ఇంటికి సంబంధం లేని పెద్దమనిషి ఒకరు సాక్షిగా ఉంటే కోయిస్తాను. ఎవరినైనా తెచ్చుకో’ అన్నాడు. నాకు ఈ దేశంలో తెలిసిన పెద్దమనిషి తమరొక్కరే.

జగ్గారావుకు ఇవేవీ తెలియవు. నిన్న సాయంత్రం వీరమ్మ చేత ఫోను చేయించాను. ఇంకో తోలు వచ్చింది, కత్తులూ సూదులూ అన్నీ తెచ్చుకో అని.

‘ఎంత ఉంటాది వీరమ్మా?’ అని అడిగాడు.

‘నీ ఎత్తు ఉంటాది. ఇంచుమించు నీ లావే’ అంది వీరమ్మ.

‘ఆయ్, ఆ సైజు నాకు బాగా అలవాటే. వత్తాను’ అన్నాడు.

ఈ సంగతి యూసుఫ్ బాబుకు చెప్పాను. నవ్వలేదు, వద్దనలేదు. మజ్లిస్ వాళ్ళందరికీ కబురు పంపాడు. మామాను కూడా ఆ రోజు కుర్చీ వేయించి కూర్చోబెడతానన్నాడు, మెడ కోసినప్పుడు ఆవిడ చేతితో చూసుకునేందుకు. వాడు నాలుగు గంటలకు వస్తాడు. తమరు మూడున్నరకే వచ్చి వాకిలికి ఎదురుగా కూర్చోండి, వాడు లోపలికి రాగానే మొదట తమరే కనబడాలి. శుక్రవారం, సెప్టెంబరు 12.